కొట్టు కొట్టూ తిరిగిన జోళ్లు

పోయినవారం కోడల్ని వెనకవైపు మెట్ల మీద నిలబెట్టి వచ్చేశాను. పాపం, ఇంకా అక్కడే ఉంది. ఆమె చేతిలో ఒక ఆకుపచ్చ బూటు ఉంది. మడమ దగ్గర రంగు వెలిసిపోయింది. లోపల, పాదం ఆనే చోట, ఏ చంటిపిల్లో పెన్నుతో గీసిన వంకర గీత ఉంది. ఆ గీతతో సహా ఆ బూటుని ఆమె వంతెన అవతలి కొట్లో ఒకసారి చూసింది. ఆ తర్వాత అది అమ్ముడైపోయిందని చెబితే సంతోషించి, ఆ కొట్టు మేనేజరుని మెచ్చుకుని మరీ వచ్చింది. ఇప్పుడు అదే బూటు పెద్దకొట్టు వెనక పెరట్లో ఆగిన వ్యాన్లోంచి, చిరిగిన అట్టపెట్టెలోంచి తొంగి చూసింది.

ఈ వారమే చదవడం మొదలుపెట్టినవాళ్ళు కంగారుపడక్కర్లేదు. ఇది ఒక జోళ్ల కంపెనీ కథ. పద్నాలుగు కొట్లున్నాయి, అన్నీ పెద్దబజార్లలోనే, అన్నీ సొంత మేడల్లోనే. పెట్టింది అత్తగారు. ఒకప్పుడు ఈ కొట్ల ముందు జనం వరసకట్టి నిలబడేవారు. ఇప్పుడు అద్దాల్లోంచి చూసి, నచ్చినదాన్ని ఫొటో తీసుకుని, ఇంటికెళ్ళి ఫోన్లో ఇంకెక్కడో కొనుక్కుంటున్నారు. అత్తగారు ఛైర్మన్ కుర్చీ తనే ఉంచుకుని, కొట్లు నడిపే పని కోడలికి అప్పగించారు. కొడుక్కి ఎందుకు అప్పగించలేదంటే, ఆయన అమ్మ మాటా కాదనలేడు, ఆలి మాటా కాదనలేడు. మింగమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. అందుకని ఈ వారం ఆయన్ని కథలోకే రానివ్వడం లేదు.

ఇవాళ పైన మీటింగు ఉంది. వాటాదారుల్లో ముఖ్యులు ముగ్గురు వచ్చి కూర్చున్నారు. కొట్లు బతకడానికి ఇంకొంత డబ్బు పెట్టాలా, లేక మేడలన్నీ అమ్మేసి చేతులు దులుపుకోవాలా అన్నది ఇవాళే తేలిపోవాలి. దానికి ముందు వాళ్ళ మనుషులు రోజుకో కొట్టు చొప్పున వెనక గదులన్నీ తనిఖీ చేసి వెళ్ళారు. ఎక్కడా పాత సరుకు కనిపించలేదు. ఎలా కనిపిస్తుంది? తనిఖీ మనుషుల కంటే ఒక అడుగు ముందే వ్యాను వెళ్ళింది. ఏ కొట్లో రేపు తనిఖీ ఉందో ఆ కొట్లో సరుకు ఇవాళే ఎక్కించుకుంది. కాలికి బలపం కట్టుకుని తిరగడమంటే అదీ.

ఇదంతా కోడలికి మెట్ల మీద నిలబడి ఉండగానే బోధపడింది. ఆ వ్యాను ఎవరు పంపారో కూడా బోధపడింది. బూటు పట్టుకుని లోపలికి నడిచింది.

కొట్టు ఇంకా తెరవలేదు. ఆడవాళ్ళ జోళ్ల విభాగంలో, పాదం ఆనించడానికి ముందు వాలుబల్ల ఉన్న పొట్టి స్టూలు మీద అత్తగారు కూర్చుని, నమూనా జోళ్లని మెత్తటి గుడ్డతో తుడుస్తున్నారు. ఛైర్మన్ అయినా ఆ పని మాత్రం ఎవరికీ ఇవ్వరావిడ.

"అత్తయ్యా, ఈ బూటు ఎక్కడిది?"

"మనదే," అన్నారు అత్తగారు తలెత్తకుండా.

"అమ్ముడైపోయిందన్నారు."

"అవుతుంది. ఇవాళ కాకపోతే రేపు. జోడు ఎక్కడికి పోతుంది?"

"ఇది ఇప్పటికి మన కొట్లన్నీ తిరిగొచ్చింది. మనిషి కాలు ఎక్కకుండా ఇంత దూరం నడిచిన బూటు ఇంకోటి ఉండదు."

అత్తగారికి నవ్వొచ్చింది కానీ నవ్వలేదు. తుడిచిన చెప్పుని జాగ్రత్తగా దాని జత పక్కన పెట్టారు.

"చుట్టాలొస్తున్నారంటే మాసిన బట్టలు మంచం కిందకి తోసెయ్యమా? దాన్ని మోసం అంటారా ఎవరైనా? ఇల్లు సర్దుకున్నాను, అంతే."

"చుట్టాలైతే కూర్చుని కబుర్లు చెప్పి వెళ్ళిపోతారు. వీళ్ళు ఆ ఇల్లు చూసి డబ్బిస్తున్నారు అత్తయ్యా."

"ఇవ్వనీ. ఆ డబ్బుతో నువ్వు కొత్త సరుకు తెస్తావు. పాతది మెల్లమెల్లగా వదిలించుకుంటాం. ఎవరికి నష్టం?"

"నాకు ఒక్క మాట చెప్పలేదేం?"

"చెబితే నీ మొహంలో కనిపించేది. నీకు అబద్ధం ఆడటం చేతకాదు. పెళ్ళయిన కొత్తలోనే కనిపెట్టాను, కూర ఎలా ఉందని అడిగినప్పుడు." అత్తగారు ఈసారి తలెత్తారు. "నీకు తెలియకపోతే నువ్వు ఆడింది అబద్ధం కాదు. నీ మంచికే చెప్పలేదు."

ఆ మాటలో ప్రేమ ఉంది. అదే కోడల్ని ఎక్కువ బాధపెట్టింది. తిట్టి ఉంటే తిరిగి ఒక మాట అనేసేది.

అసలు ఈ సరుకు ఎందుకు పేరుకుపోయిందో కూడా చెప్పాలి. కొట్లు పెట్టిన కొత్తలో అత్తగారు ఒక నియమం పెట్టారు. ఎవరి కొట్టు వారిదే. ప్రతి మేనేజరూ తన సరుకు తనే తెప్పించుకోవాలి, తనే అమ్ముకోవాలి. నెలాఖరుకి ఏ కొట్టు ముందుంటే ఆ కొట్టుకి ఒక ఇత్తడి కప్పు. ఆ కప్పు కోసం మేనేజర్లు ఎంతకి తెగించారంటే, పక్క కొట్లో తమ్ముడే మేనేజరు అయినా సరే, అన్న వాడికి ఒక్క జత ఇవ్వడు. ఎవరైనా వచ్చి ఫలానా సైజు కావాలంటే, "అది లేదండీ, దీని మీద సైజు వేసుకోండి, లోపల అట్ట వేసిస్తాం" అంటారు. ఆ సైజు రెండు వీధుల అవతల తమ కొట్లోనే దుమ్ము కొట్టుకుంటూ ఉంటుంది. అట్ట వేసుకున్న మనిషి మళ్ళీ ఈ గుమ్మం తొక్కడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళన్నట్టు, అత్తగారు ఆ నియమాన్ని మాత్రం మార్చలేదు.

"పైకెళ్ళి ఏం చెబుతావ్?" అన్నారు అత్తగారు.

"ఇంకా తెలీదు."

"తెలీకపోతే ఊరుకో. ఇంటిగుట్టు లంకకు చేటు. నా పక్కన వచ్చి కూర్చో, చాలు. నాకోసం ఆ మాత్రం చెయ్యలేవా?"

కోడలు మెట్ల వైపు నడిచింది. బూటు మాత్రం కింద పెట్టలేదు.

పై గదిలో పొడవాటి బల్ల చుట్టూ ముగ్గురూ సిద్ధంగా ఉన్నారు. వీళ్ళని కాస్త దగ్గరగా చూడండి, వీళ్ళ చేతుల్లోనే ఉంది అంతా.

కిటికీ పక్కన కూర్చున్నది ఒక పెద్ద ఫండు నడిపే మనిషి. ఆయన్ని వెనకాల అందరూ కత్తెర అంటారు. ఏ కంపెనీలో వాటా కొన్నా అక్కడ ఏదో ఒకటి కత్తిరించకుండా బయటికి రాడు. జోళ్లు అమ్మి బతకడం కన్నా జోళ్లు పెట్టిన గోడలు అమ్ముకోవడం తేలికన్నది ఆయన సిద్ధాంతం. పోయిన సమావేశంలో మొహమాటం లేకుండా ఆ మాటే అన్నాడు.

ఆయనకి ఎదురుగా పళ్ళ డాక్టరుగారు. ప్రాక్టీసు మానేశాక వాటాదారుల సంఘానికి పెద్ద అయ్యారు. ఒకటీ రెండూ వాటాలున్న చిన్నవాళ్ళ తరఫున ఆయనే మాట్లాడతారు. "కదిలే పన్నుని కదిలిందని వెంటనే పీకెయ్యకూడదు, కొన్నాళ్ళు చూడాలి," అనేది ఆయన మాట. కొన్నాళ్ళు కొన్నాళ్ళంటూ ఆయన చాలాకాలంగా చూస్తూనే ఉన్నారు.

మూడో ఆవిడ పింఛను మేడమ్. రిటైరైన నర్సులందరి పింఛను డబ్బు ఒక సంస్థ దాచి పెడితే, ఆ డబ్బుకి కాపలా ఈవిడ. తక్కువ మాట్లాడతారు. "మా నర్సులకి జోళ్ల మీద ప్రేమ లేదు. నెలనెలా రావలసింది వస్తే చాలు," అని ఒకసారి అన్నారు. ఆవిడ అభిప్రాయం ఇదీ అని ఇంతవరకూ ఎవరికీ తెలియదు. అందుకే ఇద్దరూ ఆవిడ వైపే చూస్తారు.

అత్తగారు ఛైర్మన్ కుర్చీలో కూర్చున్నారు. పక్క కుర్చీ వెనక్కి లాగి ఉంచారు, కోడలి కోసం.

"ముందు నేను మాట్లాడతాను," అన్నాడు కత్తెర. "నేను మాట మార్చే మనిషిని కాను. కానీ ఇవాళ మారుస్తున్నాను. జోళ్ల వ్యాపారంలో జబ్బంతా వెనక గదిలో ఉంటుంది. ముందున్న అద్దాలు ఎవడైనా తుడుస్తాడు. మావాళ్ళు వెనక గదులన్నీ చూసొచ్చారు. శుభ్రంగా ఉన్నాయి. పాత సరుకు వదిలించుకోగలిగినవాళ్ళు కొత్త సరుకు అమ్మగలరు. అది నా లెక్క. కంపెనీ మలుపు తిరిగింది. నేను డబ్బు పెడతాను."

డాక్టరుగారు ఆనందం పట్టలేక బల్ల మీద చెయ్యి వేసి తట్టారు. "నేను చెప్తూనే ఉన్నాను కదండీ."

"మీరు పెడితే మేమూ ఆలోచిస్తాం," అన్నారు పింఛను మేడమ్. ఆవిడ నోట ఆ మాట రావడమంటే అవునన్నట్టే.

అత్తగారు కోడలి వైపు చూసి, పక్క కుర్చీని కళ్ళతో చూపించారు.

కోడలు గుమ్మం దగ్గరే ఉంది. ఇప్పుడు ఆమె ఏమీ చెయ్యక్కర్లేదు. వెళ్ళి కూర్చుంటే చాలు. గెలుపు ఎదురుగా ఉంది. కింద తలుపులు తెరవడానికి సిద్ధమవుతున్న కొట్టు పిల్లలకి జీతాలుంటాయి. అత్తగారి పరువు ఉంటుంది. ఇంత తేలికగా దొరికే గెలుపు మనిషికి ఎన్నిసార్లు వస్తుంది? నాకైతే ఇంతవరకూ రాలేదు, వస్తే ఏం చేసేవాణ్ణో కూడా చెప్పలేను.

కానీ కత్తెర అన్న మాట ఆమెకి ముల్లులా గుచ్చుకుంది. పాత సరుకు వదిలించుకోగలిగినవాళ్ళు కొత్త సరుకు అమ్మగలరు. నిజమే. వదిలించుకోలేనివాళ్ళు? ఈ వాటాదారుల డబ్బుతో తను కొత్త జోళ్లు తెస్తుంది. ఎవరి కొట్టు వారిదే కదా, మళ్ళీ ఒక చోట చిన్న సైజులు, ఇంకో చోట పెద్ద సైజులు మిగులుతాయి. మళ్ళీ ఏడాదికి మళ్ళీ వ్యాను. ఆ వ్యాను నడిచేది నర్సుల డబ్బుతో. అరికాలి మంట నెత్తికెక్కింది ఆమెకి.

వెళ్ళి కుర్చీలో కూర్చోలేదు. బల్ల దగ్గరకొచ్చి ఆకుపచ్చ బూటుని మధ్యలో పెట్టింది.

"మీరు డబ్బు పెట్టే ముందు ఇది చూడండి," అంది. "ఇది అమ్ముడుపోలేదు. వెనక గదుల్లో ఉన్న పాత సరుకు ఏదీ అమ్ముడుపోలేదు. మీవాళ్ళు వచ్చే ముందు రోజు వ్యాన్లో ఎక్కించాం. వాళ్ళు వెళ్ళేదాకా తిప్పాం. మీరు చూసినవి ఖాళీ గదులే కానీ, అవి ఖాళీ అయిన గదులు కావు, ఖాళీ చేసిన గదులు."

డాక్టరుగారు బల్ల మీద వేసిన చెయ్యి వెనక్కి తీసుకున్నారు. అత్తగారు నిటారుగా కూర్చున్నారు.

కత్తెర బూటుని చేతిలోకి తీసుకుని లోపలి గీత చూశాడు. తర్వాత పెన్ను మూత పెట్టాడు. అరిచి ఉంటే బాగుండేదనిపించింది కోడలికి.

"ఎవరి ఆలోచన ఇది?" అన్నాడు.

"కొట్లు నడిపేది నేను. జవాబు నేను చెప్పాలి."

"నేనడిగింది అది కాదు మేడమ్."

"నేను చెప్పేది అదే."

అత్తగారు ఆ మాట విన్నారు. ఆవిడ చేతులు బల్ల అంచుని గట్టిగా పట్టుకున్నాయి.

"సరే," అన్నాడు కత్తెర. "నిజం చెప్పినందుకు మెచ్చుకుంటాను. మెచ్చుకోవడానికి డబ్బు ఖర్చవదు. డబ్బు విషయంలో మాత్రం నాది పాత మాటే. మేడలు అమ్ముదాం."

"ఎంత పని చేశావమ్మా," అన్నారు డాక్టరుగారు. ఆయన వెనక ఉన్నవాళ్ళలో చాలామంది తమ మొదటి జీతంతో ఈ కంపెనీ వాటా కొన్నారు.

పింఛను మేడమ్ ఇద్దరినీ పట్టించుకోలేదు. "ఆ సరుకు ఇప్పుడెక్కడుంది?" అన్నారు.

"కింద పెరట్లో. వ్యాన్లో."

"అయితే పదండి, చూద్దాం. ఇంతవరకూ ఖాళీ గదులు చూసి అభిప్రాయం చెప్పాం. నిండినదాన్ని చూసి చెబితే పోయేదేముంది?"

ముగ్గురూ లేచారు. అత్తగారు లేవలేదు. కోడలు గుమ్మంలో ఒక్క క్షణం ఆగింది, అత్తగారు పిలుస్తారేమోనని. పిలవలేదు.

పెరట్లో వ్యాను తలుపులు తీశారు. అట్టపెట్టెలు పైదాకా ఉన్నాయి. కొన్నిటి మూతలు నలిగిపోయాయి, కొన్నిటికి రెండు మూడు కొట్ల చీటీలు ఒకదానిమీద ఒకటి అంటించి ఉన్నాయి. కోడలు చీర కుచ్చెళ్ళు ఎగదోపుకుని ఒక్కొక్క పెట్టే దింపడం మొదలుపెట్టింది. దించినదాన్ని దించినట్టు పడెయ్యడం జోళ్ల కొట్లో పనిచేసిన మనిషికి చేతకాదు. చెయ్యి దానంతటదే సైజు చూస్తుంది, చిన్నది ఎడమకీ పెద్దది కుడికీ పెడుతుంది. అలా గోడ వెంట పేర్చుకుంటూ పోయింది. ముందు ఆకుపచ్చ బూట్లు, దాని వెనక నల్ల చెప్పులు, ఆ వెనక గోధుమరంగు మగవాళ్ళ జోళ్లు.

పేరుస్తూ పేరుస్తూ ఆగిపోయింది.

ఏ కొట్లో చూసినా ఈ వరస పళ్ళూడిన నోరులా ఉంటుంది. మధ్య సైజులుండవు, చివరివి ఉంటాయి. లేదా చిన్నవన్నీ పోయి పెద్దవి మిగులుతాయి. ఇక్కడ గోడ ఈ చివరనుంచి ఆ చివరిదాకా ఒక్క ఖాళీ లేదు. చిన్నవి వంతెన అవతలి కొట్టువి, మధ్యవి స్టేషను కొట్టువి, పెద్దవి ఈ కొట్టువి. దాచడానికి ఒక్కచోట చేర్చిన సరుకు, ఎవరూ అనుకోకుండానే నిండు వరస అయి కూర్చుంది.

"డాక్టరుగారూ," అంది కోడలు. "మీ సైజెంత?"

డాక్టరుగారు ఇబ్బందిగా కదిలారు. ఆయన పాదాలు మామూలువి కావు, చిన్న పడవలు. "నా సంగతెందుకమ్మా."

"చెప్పండి."

ఆయన చెప్పారు. తర్వాత కిందకి చూస్తూ మెల్లగా అన్నారు. "ఈ కంపెనీలో ఇన్నాళ్ళనుంచి వాటా ఉంది. కొనడం మాత్రం ఎదురు కొట్లో కొంటాను. ఇక్కడ ఎప్పుడడిగినా నా సైజు లేదనేవారు. ఎవరికీ చెప్పలేదు, సిగ్గేసి."

కత్తెర మొట్టమొదటిసారి ఆయన కాళ్ళ వైపు చూశాడు. ఎదురు కొట్టు జోళ్లు, మెరిసిపోతున్నాయి.

కోడలు గోడ చివరికి వెళ్ళి గోధుమరంగు జోళ్ల పెట్టె తెచ్చి, వ్యాను మెట్టు మీద ఆయన్ని కూర్చోబెట్టి, ముందు మోకాళ్ళ మీద కూర్చుని తొడిగింది. డాక్టరుగారు లేచి నాలుగడుగులు వేశారు. మళ్ళీ నాలుగడుగులు వెనక్కి వేశారు. పాత జోళ్లని పెట్టెలో పెట్టి చంకలో పెట్టుకున్నారు.

"ఒక్క జత పోయింది," అన్నాడు కత్తెర. "దానితో కంపెనీ నిలబడదు."

"నిలబడదు," అంది కోడలు లేస్తూ. మోకాళ్ళకి అంటిన దుమ్ము దులుపుకోలేదు. "కానీ ఈ సరుకు చావలేదండీ. కాలు ఒక కొట్లో ఉంది, జోడు ఇంకో కొట్లో ఉంది. రెండూ కలవకుండా మేమే అడ్డం నిలబడ్డాం. ఎవరి కొట్టు వారిదే అన్న నియమం ఇవాళ్టితో తీసేస్తున్నాను. కప్పు కూడా లేదు. కొట్లన్నిటికీ ఒకటే గోదాము. ఏ కొట్లో ఏ సైజు అడిగినా మర్నాటికల్లా అక్కడ ఉంటుంది. వ్యాను తిప్పడం మాకు బాగానే అలవాటైంది కదా. ఇంతకాలం దాచడానికి తిరిగింది, ఇక అమ్మడానికి తిరుగుతుంది."

"వినడానికి బాగుంది. మలుపు తిరుగుతాం అన్న ప్రతి కంపెనీ మాటా వినడానికి బాగానే ఉంటుంది. నాకు కళ్ళతో చూడాలి."

"ఎంత గడువిస్తారు?"

కత్తెర ఆలోచించాడు. "పక్షం రోజులు. పాత సరుకంతా ఈ ఒక్క కొట్లో పెట్టండి. కొన్న ధర కన్నా ఒక్క పైసా తగ్గించకుండా ముప్పావు వంతు అమ్మి చూపించండి. అమ్మితే నేను డబ్బు పెడతాను, మీ గోదాము కట్టుకోండి. అమ్మలేకపోతే మేడల అమ్మకం నేను ప్రతిపాదించను. వచ్చే సమావేశంలో మీరే లేచి ప్రతిపాదించాలి, ఈ మేడతో మొదలుపెట్టి."

"మా ఓటు దానికే," అన్నారు పింఛను మేడమ్. "అటైనా ఇటైనా."

కోడలు గోడ వెంట పేర్చిన వరసల్ని ఈ చివరనుంచి ఆ చివరిదాకా చూసుకుంది. కష్టమే. కానీ చేతికి అందని పని కాదు. పెద్దబజారులో, కిటికీల నిండా ప్రతి సైజూ ఉందని రాసిపెడితే, అట్ట వేయించుకుని విసిగిపోయినవాళ్ళు ఈ ఊళ్ళో ఎంతమంది లేరు?

"ఒప్పుకుంటున్నాను. పాత సరుకంతా," అంది.

ఇక్కడితో ఆపేస్తే అందరికీ బాగుండేది. కానీ పింఛను మేడమ్ పెట్టెల మధ్య నడుస్తూ ఒక్కొక్క చీటీ చూస్తున్నారు. కాపలా కాసే మనిషి ఊరికే నడవదు.

"ఇందులో పిల్లల జోళ్లు ఒక్కటీ లేవేం?" అన్నారు. "పోయినేడాది నివేదికలో అన్నిటికన్నా ఎక్కువ మిగిలిపోయింది అవే అని రాశారు. బడికేసుకునే నల్ల జోళ్లు. నాకు బాగా గుర్తు."

కోడలు వ్యాన్లోకి తొంగి చూసింది. నిజమే, ఒక్కటీ లేదు. ఒక్క క్షణం ఆశ కలిగింది, అవి మాత్రం నిజంగానే అమ్ముడుపోయాయేమోనని. ఆ ఆశ ఎంతసేపో నిలవలేదు.

వెనక తలుపు తెరుచుకుంది. అత్తగారు ఒక్కొక్క మెట్టే దిగుతున్నారు, గోడ పట్టుకుని. కోడలు ఎదురెళ్ళబోయింది. అత్తగారు చెయ్యి అడ్డం పెట్టి ఆపేశారు. తనంతట తనే దిగి, పెట్టెల వరస ముందుకొచ్చి నిలబడ్డారు. పెట్టెల్ని చూశారు. డాక్టరుగారి కాళ్ళు చూశారు. నేను ఎన్నాళ్ళనుంచో ఈవిడ కథ రాస్తున్నాను కానీ, ఆవిడ ఇంత చిన్నగా కనిపించడం ఇదే మొదలు.

"ఎవరి ఆలోచన అని అడిగారు కదా," అన్నారు కత్తెరతో. "నాది. వ్యాను నేను పంపాను. అమ్మాయికి ఇవాళ పొద్దున్నదాకా తెలీదు. తెలిశాక మిమ్మల్ని ఒక్క గంట కూడా మోసం చెయ్యలేదు. నన్ను కాపాడ్డానికి తన మీద వేసుకుంది, అంతే."

"అత్తయ్యా, ఇప్పుడవన్నీ ఎందుకు."

"ఉండు. ఇంకా అవలేదు." ఆవిడకి అబద్ధం ఎప్పుడూ కష్టం కాలేదు. నిజమే కష్టంగా ఉంది. "పిల్లల జోళ్లు వ్యాన్లో పట్టలేదు. వాటికి వేరే లారీ మాట్లాడాను."

డాక్టరుగారు వ్యాన్లోకి మళ్ళీ ఒకసారి తొంగి చూశారు.

"లారీనా," అంది కోడలు.

"పెద్దదే. ఊరి చుట్టూ ఉన్న రోడ్డు మీద తిరుగుతోంది. వీళ్ళు వెళ్ళిపోయాక లోపలికి రమ్మన్నాను."

కత్తెర నవ్వాడు. ఆయన నవ్వగలడని అక్కడ ఎవరికీ తెలియదు. డాక్టరుగారు కొత్త జోళ్లతో వ్యాను మెట్టు మీద కూలబడ్డారు.

"ఫోను చేసి రమ్మనండి అత్తయ్యా," అంది కోడలు.

అత్తగారు ఫోను చేశారు. పెరట్లో అందరూ నిలబడి ఎదురుచూశారు. ఆ కాస్త సమయంలో అత్తా కోడళ్ళు పక్కపక్కనే ఉన్నారు కానీ ఒకరినొకరు చూసుకోలేదు. వీధి మలుపు దగ్గర హారను మోగింది. గేటుకి ఒక తలుపే తీసి ఉంది. దాని ముందు లారీ వచ్చి ఆగింది. పైన కట్టిన టార్పాలిన్ ప్రహరీగోడ కన్నా ఎత్తున, మొదటి అంతస్తు కిటికీ దాకా ఉంది. వ్యాన్లో సరుకు దాని ముందు ఒక మూలకి సరిపోతుంది.

"మేడమ్," అన్నాడు కత్తెర. ఈసారి గొంతులో వెటకారం లేదు. "పాత సరుకంతా అన్నారు. అప్పుడు మీకు ఈ లారీ సంగతి తెలీదు. మాట వెనక్కి తీసుకుంటే తప్పు పట్టను. వ్యాన్లో ఉన్నదానికే ఒప్పందం అనుకుందాం. చెప్పండి."

"తీసుకో అమ్మాయ్," అన్నారు అత్తగారు మెల్లగా. "నేను చేసిందానికి నువ్వు మోయక్కర్లేదు. తీసుకో."

కోడలు లారీని కిందనుంచి పైదాకా చూసింది. చిన్న పాదాలు, ఈ ఊరి పిల్లలందరివీ. ఏ తల్లో ఏ కొట్లోనో నిలబడి, సైజు లేదనిపించుకుని, అట్ట వేయించుకుని తీసుకెళ్ళిన జోళ్లకి బదులు దొరకాల్సిన సరైన సైజులన్నీ ఇందులోనే ఉన్నాయి. పక్షం రోజుల్లో ముప్పావు వంతు. ఇది చేతికి అందే పని కాదని ఆమెకి తెలుసు. వ్యాను వరకే అయితే గెలుస్తానని కూడా తెలుసు. కానీ లారీని బయటే వదిలేసి గెలిస్తే, అది రేపు మళ్ళీ ఊరి చుట్టూ తిరుగుతూనే ఉంటుంది.

"అంతా అన్నాను, అంతానే," అంది. అని గేటు వైపు తిరిగింది. "ఆ రెండో తలుపు కూడా తియ్యండి. లారీని లోపలికి రానివ్వండి."